పసిబిడ్డ నిద్ర, పసిబిడ్డ ఆట: వెల్లకిలా, బోర్లా అనే రెండు మాటల వెనుక చరిత్ర

పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలా, బోర్లా పడుకోబెట్టాలా అని నేడు ఏ పిల్లల వైద్యుని అడిగినా ఒక్క వాక్యంలో సమాధానం వస్తుంది: నిద్రలో వెల్లకిలా, మెలకువలో పెద్దల కళ్లెదుట కొంతసేపు బోర్లా. ఇంత తేలికగా వినిపించే ఈ మాట స్థిరపడడానికి వైద్యలోకానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఆ వ్యవధిలో పాశ్చాత్య దేశాలలో వేలాది శిశువులు నిద్రలోనే కన్నుమూశారు. నిద్రకు సంబంధించిన ప్రశ్న వేరు, ఎదుగుదలకు సంబంధించిన ప్రశ్న వేరు. ఒకదానికి చెప్పవలసిన జవాబును రెండవదానికి చెప్పినప్పుడల్లా నష్టపోయినది బిడ్డే. ఈ చరిత్ర తెలిస్తే, నేటి సలహాలోని రెండు సగాలనూ విడదీయకుండా ఎందుకు పాటించాలో పాఠకులకు బోధపడుతుంది.

బిడ్డ శరీరాన్ని పెద్దలు తీర్చిదిద్దాలనే భావన చాలా పాతది. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో రోమునగరంలో వైద్యం చేసిన సొరానస్ తన స్త్రీవైద్య గ్రంథంలో శిశుపోషణకు పెద్దపీట వేశాడు. అవయవాలు వంకర పోకుండా తిన్నగా ఎదగాలంటే శిశువును మెత్తని ఉన్నిపట్టీలతో చేతులనుండి పాదాలవరకు చుట్టాలని సవిస్తరంగా రాశాడు. స్నానం చేయించి, ఒళ్లు మర్దించి, చీలమండలు పట్టుకొని తలకిందులుగా వేలాడదీస్తే వెన్నుపూసలు సడలుతాయని కూడా చెప్పాడు. ఈ చివరి ముచ్చట మన పల్లెల్లో నీళ్లుపోసే ముసలమ్మలకు కొత్తేమీ కాదు. రోములోనైనా, రాజోలులోనైనా దీనివల్ల ఒనగూరే మేలు ఏమీ లేదు, జారిపడే ప్రమాదం మాత్రం ఉంది.

ఐరోపాలో ఈ పట్టీల అలవాటు శతాబ్దాల తరబడి సాగింది. 1748లో విలియం కాడొగన్ అనే ఆంగ్లేయ వైద్యుడు, లండన్‌లోని అనాథ శిశుశరణాలయం నిర్వాహకులకు రాసిన లేఖారూప గ్రంథంలో దీనిని తీవ్రంగా ఖండించాడు. 1762లో ఫ్రాన్స్‌లో రూసో తన 'ఎమీల్'లో అదే ధోరణిలో విరుచుకుపడ్డాడు. వారి వాదన తర్కం మీద, మానవ స్వేచ్ఛ మీద ఆధారపడినది. శాస్త్రీయమైన రుజువు ఇరవయ్యవ శతాబ్దంలో గాని రాలేదు. కాళ్లను చాచి బిగించి చుట్టే ఆచారం ఉన్న జపాన్‌లో 1975లో దేశవ్యాప్త ప్రచారం నడిపి ఆ పద్ధతి మాన్పించారు. పిల్లలలో తుంటికీలు తొలగిపోయే జబ్బు ఆ తరువాత అక్కడ ఎన్నో రెట్లు తగ్గింది. తొడలు విడదీసి చంకనెత్తుకునే మన అలవాటు తుంటికీలుకు అనుకూలమైనదేనని ఎముకల వైద్యులు చెప్పడానికి కారణం ఇదే. పాతచీరెలో వదులుగా చుట్టడం తప్పు కాదు. కాళ్లు కప్పవలె ముడుచుకొని కదిలే చోటు ఉండాలి, అంతే.

మన ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ విషయంలో ఏమన్నాయో చూద్దాం. చరకసంహిత శారీరస్థానంలో శిశువుల ఆటవస్తువులు ఎలా ఉండాలో చెప్పారు. అవి రంగురంగులవై, చప్పుడు చేసేవై, చూడముచ్చటగా, తేలికగా ఉండాలి. మొన తేలినవి కాకూడదు. నోటిలోనికి పోయేవి కాకూడదు. ప్రాణం తీసేవి, భయపెట్టేవి కాకూడదు. నేటి బొమ్మల భద్రతా నియమావళిలో ఉన్నవి కూడా దాదాపు ఇవే. శిశువైద్యానికే ప్రత్యేకించిన కాశ్యపసంహిత మరొక అడుగు ముందుకు వేసింది. అలికిన శుభ్రమైన నేలమీద, చుట్టూ బొమ్మలు పెట్టి, బిడ్డను కొద్దిసేపు మాత్రమే కూర్చోబెట్టాలని చెప్పింది. అదేపనిగా ఎక్కువసేపు కూర్చోబెడితే నడుము బలహీనపడుతుందని, వెన్ను వంగుతుందని, బిడ్డ అలసిపోతుందని హెచ్చరించింది. మన గ్రంథాలలో అన్నీ ఉన్నాయని చెప్పే అలవాటు నాకు లేదు. కాని బిడ్డ ముందు నేలను, బొమ్మను పెట్టి, పెద్దల ఆతురతకు హద్దు గీసిన ఈ మాటలో పరిశీలన ఉంది.

ఆ ఆతురతకు నిజంగా ఫలితం ఉంటుందా, అంటే నేర్పితే బిడ్డ త్వరగా నడుస్తుందా అనే ప్రశ్నను ప్రయోగానికి పెట్టినది మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు అమెరికా. యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ 1911లో శిశువికాస పరిశోధనాలయాన్ని నెలకొల్పి, వేలాది అడుగుల సినిమా ఫిలిం మీద పసిపిల్లల కదలికలను చిత్రించాడు. 1929లో హెలెన్ థాంప్సన్‌తో కలిసి ప్రకటించిన కవలల ప్రయోగం ప్రసిద్ధమైనది. ఒక పాపకు 46వ వారం నుండి ఆరు వారాలపాటు రోజూ మెట్లెక్కడం నేర్పారు. రెండవ పాపకు అప్పుడేమీ నేర్పకుండా, 53వ వారంలో మొదలుపెట్టి రెండే వారాలు నేర్పారు. కొద్దిరోజులలోనే ఇద్దరూ సమానమయ్యారు. నరాలు, కండరాలు పక్వానికి రానిదే నేర్పి ప్రయోజనం లేదని గెసెల్ తేల్చాడు.

ఇంచుమించు అదే కాలంలో న్యూయార్క్‌లో మర్టిల్ మెక్‌గ్రా అనే పరిశోధకురాలు జానీ, జిమ్మీ అనే కవలలతో పనిచేసి 1935లో ఒక గ్రంథం ప్రకటించింది. జానీకి పుట్టిన కొద్దిరోజుల నుండే రకరకాల సాధన ఇచ్చారు. జిమ్మీ తొట్టెలో ఉండేవాడు. కూర్చోవడం, నడవడం వంటి సహజమైన మెట్లలో ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. కాని జానీ ఏడాదిన్నర నిండేలోపే చక్రాల బూట్లమీద జారగలిగాడు, ఏటవాలు బల్లలు ఎక్కగలిగాడు. అదే జానీకి 11 నెలలకు మూడుచక్రాల సైకిలు నేర్పబోతే నెలల తరబడి ఏమీ అబ్బలేదు. ప్రతి విద్యకూ ఒక అదను ఉంటుందని ఆమె గ్రహించింది. పత్రికలవారు మాత్రం చక్రాల బూట్ల బాలుడిని పట్టుకొని పెద్ద హడావుడి చేశారు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది వేన్ డెన్నిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కథ. అతడు భార్యతో కలిసి ఆరిజోనాలోని హోపీ తెగవారి శిశువులను పరిశీలించాడు. వారు పుట్టిననాటి నుండి నెలల తరబడి, రోజులో అధికభాగం బిడ్డను ఒక పలకకు కట్టి ఉంచేవారు. అయినా పలకకు కట్టిన పిల్లలూ, కట్టని పిల్లలూ ఒకే వయసులో, సుమారు 15 నెలలకు నడిచారు. 1940లో ఈ ఫలితం వెలువడగానే గెసెల్ వాదానికి తిరుగులేదనిపించింది. ఇరవై ఏళ్ల తరువాత అదే డెన్నిస్ ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లోని అనాథాశ్రమాలకు వెళ్లాడు. ఆయాలు తక్కువగా ఉన్న ఒక ఆశ్రమంలో పిల్లలను పగలంతా వెల్లకిలా తొట్టెలలో ఉంచేవారు. బోర్లా వేయడం గాని, ఆనించి కూర్చోబెట్టడం గాని ఉండేది కాదు. ఒకటి, రెండు ఏళ్ల మధ్యవారిలో సగంమంది కూడా కూర్చోలేకపోయారు. రెండు నిండి మూడవ ఏడు నడుస్తున్నవారిలో నూటికి పదిమంది కూడా నడవడం లేదు. కదలగలిగినవారు చేతులు, మోకాళ్ల మీద దోగాడక, కూర్చునే పిరుదులమీద జరిగేవారు. మరొక ఆశ్రమంలో పిల్లలను ఒడిలో పట్టుకొని పాలు పట్టేవారు, తరచుగా బోర్లా పడుకోబెట్టేవారు, బొమ్మలిచ్చేవారు. అక్కడి పిల్లలు చాలావరకు మామూలుగానే ఎదిగారు. తిండి, బట్టల లోటు కంటె కదిలే అవకాశం లేకపోవడమే ఈ తేడాకు కారణమని డెన్నిస్ 1960లో రాశాడు. హోపీ బిడ్డలు పలకమీద ఉన్నా తల్లి చేతికి దూరం కాలేదు. రోజూ కొంతసేపు కట్లు విప్పుకొని కదిలేవారు. ఆశ్రమం బిడ్డలకు ఆ రెండూ లేవు.

కెన్యాలోని కిప్‌సిగిస్ తెగవారి గురించి 1976లో చార్లెస్ సూపర్ రాసిన వ్యాసం దీనికి మెరుగు దిద్దింది. ఆ తల్లులు నేలలో చిన్న గుంట తవ్వి, గుడ్డలు పరచి, అందులో బిడ్డను కూర్చోబెట్టి పనిగట్టుకొని నేర్పుతారు. వారి పిల్లలు అమెరికా పిల్లలకంటె దాదాపు ఒక నెల ముందుగా కూర్చుంటారు. కాని వారెవరూ నేర్పని పనులలో ఆ పిల్లలు ముందు లేరు. ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే, సాధనతో ఎదుగుదలను కొన్ని వారాలు ముందుకు జరపవచ్చు. అవకాశం తీసివేస్తే మాత్రం ఏళ్లు వెనక్కి పోవచ్చు. పక్కింటి పాప ముందుగా నడిచిందని బెంగపెట్టుకునే తల్లులు మొదటి సంగతిని, బిడ్డను రోజంతా కుర్చీలో బిగించి ఉంచేవారు రెండవ సంగతిని గుర్తుంచుకోవాలి.

మెలకువలోని ఆట గురించిన ఈ చర్చ పరిశోధనాలయాలలో నడుస్తుండగా, నిద్ర విషయంలో మరొక మార్పు నిశ్శబ్దంగా జరిగిపోయింది. 1940ల నుండి పాశ్చాత్య గ్రంథాలు శిశువును బోర్లా నిద్రపుచ్చమని చెప్పసాగాయి. అమెరికాలో ఇంటింటా ఉండే శిశుపోషణ గ్రంథం డాక్టర్ బెంజమిన్ స్పాక్ రచన. దాని మొదటి ముద్రణ 1946. 1950ల ఉత్తరార్ధంలో వచ్చిన ముద్రణ నుండి అందులోనూ ఇదే సలహా కనిపిస్తుంది. చూపిన కారణాలు రెండు: వెల్లకిలా పడుకున్న బిడ్డ కక్కుకుంటే ఊపిరాడదని ఒకటి, ఒకే వైపు తల పెట్టి పడుకోవడంవల్ల తల ఆ వైపు బల్లపరుపుగా అవుతుందని రెండవది. వినడానికి రెండూ సబబుగానే ఉన్నాయి. పరీక్షించి చూసినవారు మాత్రం లేరు. నెలలు నిండని శిశువులు బోర్లా ఉన్నప్పుడు మెరుగ్గా ఊపిరి తీస్తున్నారని ఆసుపత్రుల ప్రత్యేక విభాగాలలో గమనించడం కూడా ఈ అలవాటుకు బలం చేకూర్చింది. అక్కడ యంత్రాలూ, నర్సులూ నిరంతరం కనిపెట్టి ఉంటారు. ఇంటిదగ్గర అర్ధరాత్రి ఎవరుంటారు?

మొదటి కారణం శరీరనిర్మాణం దృష్ట్యా కూడా నిలవదు. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే ఎత్తుకు ఎక్కాలి. బోర్లా తిప్పితే ఆ వరుస తారుమారవుతుంది. పైగా ముఖం పరుపులో ఆనితే విడిచిన గాలినే బిడ్డ మళ్లీ పీలుస్తుంది, ఒంటివేడి బయటకు పోదు, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఉలిక్కిపడి మేలుకునే శక్తి కూడా ఆ భంగిమలో తగ్గుతుంది.

పూర్తి ఆరోగ్యంతో ఉన్న బిడ్డ నిద్రలో, ఏ కారణమూ కనిపించకుండా మరణించడాన్ని 'సిడ్స్' అంటారు. తెల్లవారి లేచి చూస్తే బిడ్డ ఉండదు. తల్లిదండ్రుల మీద పోలీసులకు అనుమానం, ఒకరిమీద ఒకరికి అనుమానం, బతికినంతకాలం తమమీద తమకే అనుమానం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో సూసన్ బీల్ అనే పిల్లల వైద్యురాలు 1970ల నుండి అటువంటి ఇళ్లకు స్వయంగా వెళ్లి, బిడ్డ ఏ భంగిమలో ఉన్నదో, ఏ పరుపుమీద ఉన్నదో అడిగి రాసుకుంది. నెదర్లాండ్స్‌లో 1970లలో బోర్లా నిద్ర వ్యాపించినకొద్దీ ఈ మరణాలు పెరిగాయని తేలడంతో 1987లో అక్కడ ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. బ్రిస్టల్‌లో పీటర్ ఫ్లెమింగ్ బృందం, న్యూజీలాండ్‌లో ఎడ్ మిచెల్ బృందం లెక్కలు కట్టి అదే మాట చెప్పాయి. బ్రిటన్‌లో 1991 డిసెంబరులో వెల్లకిలా నిద్రపుచ్చమనే ప్రచారం మొదలైంది. రెండేళ్లు తిరగకుండానే మరణాలు సగానికి పడిపోయాయి. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 1992లో సలహా మార్చింది, 1994లో జాతీయ ప్రచారం వచ్చింది. 1992లో అక్కడ నూటికి 70మంది శిశువులు బోర్లా నిద్రించేవారు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆ సంఖ్య 20 లోపుకు దిగింది, మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మందు లేదు, యంత్రం లేదు, పైసా ఖర్చు లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే.

2005లో లండన్ పరిశోధకురాలు రూత్ గిల్బర్ట్, ఆమె సహచరులు పాత పత్రాలన్నిటినీ తిరగవేశారు. బోర్లా నిద్ర ప్రమాదకరమనే సాక్ష్యం 1970 నాటికే ప్రచురిత వ్యాసాలలో చెల్లాచెదురుగా ఉన్నదని వారు చూపించారు. అప్పుడే ఎవరైనా వాటిని ఒకచోట చేర్చి చదివి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో కలిపి కనీసం 50,000మంది శిశువులు బతికి ఉండేవారని అంచనా వేశారు. వైద్యచరిత్రలో ఇంతకంటె బాధాకరమైన అంకె నేను ఎక్కువగా చదవలేదు. సలహా ఇచ్చినవారు దుర్మార్గులు కారు. వారందరూ బిడ్డల మేలు కోరినవారే.

వెల్లకిలా నిద్ర స్థిరపడిన తరువాత కొత్త చిక్కు ఒకటి వచ్చింది. 1990ల మధ్య నుండి తల వెనుకభాగం చదునుగా ఉన్న శిశువులు ఆసుపత్రులకు ఎక్కువగా రాసాగారు. స్పాక్ భయపడిన రెండవ విషయం కొంతవరకు నిజమే. భయపడిన తల్లులు మెలకువలో కూడా బిడ్డను బోర్లా వేయడం మానివేశారు; నిద్రకు చెప్పిన జవాబు ఆటకు కూడా అంటుకుంది. ఈ పిల్లలు బోర్లా నుండి తిరగడం, దోగాడడం వంటివి కొద్దిగా ఆలస్యంగా చేస్తున్నారని 1998లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తెలిపింది. నడక మాత్రం అందరికీ ఒకే వయసులో వచ్చింది. అందుచేతనే మేలుకొని ఉన్నప్పుడు, పెద్దలు చూస్తుండగా కొంతసేపు బోర్లా ఉంచమనే అనుబంధ వాక్యం 1990లలోనే సలహాలో చేరింది. 'టమ్మీ టైమ్' అని నేడు యూట్యూబులో మన కోడళ్లు చూస్తున్నది ఇదే.

ఆ పేరు కొత్తది గాని ఆ పని మన ఇళ్లకు పాతదే. పెరట్లో పీట వేసుకొని, కాళ్లు చాచి, బిడ్డను కాళ్లమీద బోర్లా వేసి వీపుకు నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్లుపోసే అమ్మమ్మ రోజూ చేయించినది ఇదే సాధన. బిడ్డ ఆ కాసేపూ తల ఎత్తడానికి ప్రయత్నించేది. తాతయ్య పొట్టమీద ఆడుకునేది. చాపమీద వేసిన బిడ్డ చుట్టూ ఇంటిల్లిపాదీ ఉండేవారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్లలో బిడ్డ ప్రతి కదలికకూ ఒక సాక్షి ఉండేవాడు. అయితే ఆ అమ్మమ్మే ముక్కులో, చెవిలో నూనెచుక్కలు వేసేది. తల గుండ్రంగా రావాలని చేత్తో నొక్కేది. ఊపిరితిత్తుల్లో నూనె దిగి నిమోనియాతో వచ్చిన శిశువులను ప్రభుత్వాసుపత్రులలో పనిచేసినవారందరం చూశాం. ఒళ్లు మర్దించడం ఉంచుకుందాం, ముక్కులో నూనె మానుకుందాం.

పాతవాటిలో నాకు ఇష్టమైనది మూడుచక్రాల చెక్క నడకబండి. బిడ్డ తనంతట తాను లేచి, తన బరువు తన కాళ్లమీద మోపి, దాన్ని తోసుకుంటూ పోవాలి. నేటి ప్లాస్టిక్ వాకర్‌లో బిడ్డ గుడ్డకుర్చీలో వేలాడుతూ మునివేళ్లతో నేలను తన్నుతుంది. నిలబడదు, తూకం నేర్చుకోదు, మెట్లమీదనుంచి దొర్లి తల పగలగొట్టుకుంటుంది. కెనడా 2004లో వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన బజారులో మాత్రం బారసాలకు ఇచ్చే కానుకలలో ఇది ముందుంటుంది. దాని బదులు ఏటికొప్పాక లక్కబొమ్మల గిలక ఒకటి కొనండి. తేలికగా, నున్నగా ఉండి చప్పుడు చేస్తుంది. నోట్లో పట్టనంత పెద్దది చూసుకుంటే చరకుడు చెప్పిన లక్షణాలన్నీ అందులో ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇంకా కదలలేని శిశువు మేలుకొని ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలి. ఒకేసారి కాదు. మొదటి వారాలలో తల్లి వాలుగా కూర్చొని తన రొమ్ముమీద బోర్లా వేసుకుంటే చాలు. ఒకటి రెండు నిమిషాలకే ఏడిస్తే ఎత్తుకొని, తరువాత మళ్లీ వేయాలి. పాలు పట్టిన వెంటనే వద్దు. రెండవ నెల దాటాక చాపమీద, అవసరమైతే చంకల కింద చుట్టిన తువాలు పెట్టి, ఎదురుగా మీరు కూడా బోర్లా పడుకొని పలకరించండి. బిడ్డకు మీ ముఖం కంటె మంచి బొమ్మ లేదు. మెడ నిలిచాక గిలకను కొంచెం పక్కగా, చేయి చాస్తే అందీ అందనట్లు పెడితే దానికోసమే తిరుగుతుంది. తల ఎప్పుడూ ఒకేవైపు తిప్పుతుంటే పడక దిశ మార్చండి, ఎత్తుకునే భుజం మార్చండి. బోర్లా ఉండగానే నిద్రపోతే మెల్లగా వెల్లకిలా తిప్పాలి. వాకర్‌లోగాని, కారుసీటులోగాని, చీరె ఉయ్యాలలోగాని గంటకు మించి ఏకబిగిన ఉంచకూడదు.

వయసుల గురించి తల్లులు పడే ఆందోళనకు ఒక్క సంగతి చెబుతాను. న్యూఢిల్లీతో సహా ఐదు దేశాలలోని పిల్లలను అనుసరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుండి 9.2 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుండి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా సహజమే. నూటికి నలుగురైదుగురు ఆరోగ్యవంతమైన పిల్లలు అసలు దోగాడకుండానే నడకలోకి వచ్చారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ప్రసవం కావలసిన తేదీ నుండి వయసు లెక్కించాలి. కాని నాలుగైదు నెలలకూ మెడ నిలవకపోయినా, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకున్నా, గుడ్డపీలికల్లా వేలాడుతున్నా, ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతూ రెండవ చేతిని పట్టించుకోకపోయినా, 9 నెలలు దాటినా కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా, వాళ్ల నాన్నకూ ఆలస్యమేనని సరిపెట్టుకోకుండా చూపించాలి. 2013లో మొదలైన జాతీయ బాలస్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సాకేంద్రాలు ఏర్పాటయ్యాయి. అక్కడ పరీక్షలకు, ఫిజియోథెరపీకి డబ్బు కట్టనక్కరలేదు. మీ అంగన్‌వాడీ కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.